మూటలదిన్నె దాటిన సామాను బండి

శిరివెళ్ళ దాటి నంద్యాల దిక్కుగా పోయే బాటలో, నీరింకి ఇసుక మాత్రమే మిగిలిన ఒక వాగు ఒడ్డున, ఎడమచేతి వైపు ఒక మట్టిదిన్నె ఉండేది. దానిని మూటలదిన్నె అనేవారు.

పగటిపూట అక్కడ చూడదగినదేమీ లేదు. పగిలిన కుండలు, అడుగూడిన బుట్టలు, కోళ్ళు విరిగిన మంచాలు, చుట్టూ తుమ్మపొదలు. కట్టెలేరుకొనే ఆడవాళ్ళు సైతం ఆ దిన్నెమీది పుల్లను ముట్టేవారు కారు.

ఇల్లు మారేవాళ్ళ బండి అక్కడ ఊరకే దాటరాదు. అదీ ఆ చోటికున్న చెడ్డపేరు.

పూర్వం ఏదో కరువులో ఒక సంసారం ఊరు విడిచి పోతూ ఆ వాగులో చిక్కుకున్నదట. బండినిండా సామాను. చక్రం ఇసుకలో దిగబడింది. బరువు తగ్గించక తప్పలేదు. ఆ ఇంటి యజమాని బిందె దించలేదు, బుట్ట దించలేదు… భార్యను దించాడు. "ఈడ కూర్చో. సామాను ఇంట్లో పెట్టి వచ్చి తీసుకుపోతా" అన్నాడు. బండి కదిలింది. ఆమె కూర్చుంది.

అతడు రాలేదు.

అందుకని ఇల్లు మారే ప్రతివారూ తమ సామానులోనిది ఒక్కటి ఆ దిన్నెమీద ఉంచి, వెనక్కి చూడకుండా వాగు దాటిపోవాలి. ఎవరు పిలిచినా పలకరాదు. ఇచ్చినవారి జోలికి ఆమె రాదట. మరి ఇవ్వనివారి బండిలో? ఆ మాట దగ్గర చెప్పేవాళ్ళ గొంతు తగ్గేది.

"చోటు వెతుక్కుంటది" అనేవారు.

నాకీ సంగతి చెప్పినవాడు, డెబ్బైనాలుగో సంవత్సరం వేసవిలో ఆ దారిన బండి తోలిన బాలస్వామి. కొత్తపల్లెవాడు. ఆదివారం యేసయ్య గుడికి పోయి ప్రార్థన చేసుకొనే మనిషి. దెయ్యాల మాటకు నవ్వేవాడే. ఆ రాత్రి తరువాత నవ్వలేదు. అతడు చెప్పినదే చెబుతున్నాను. భాష మాత్రం నాది.

ఆళ్ళగడ్డలో తెలుగు పండితుడుగా ఉండిన రంగనాథానికి ఆ వేసవిలో నంద్యాలకు బదిలీ అయింది. అహోబిలంలో తరతరాలుగా స్వామి కైంకర్యం చేసిన వంశం. ఆ వంశంలో ఎవరేది వాడి పారవేయవలసి వచ్చినా పారవేయలేదు, దాచారు. దాచినదంతా చివరకు ఈయన ఇంటికి చేరింది. చెదలు తిన్న తాళపత్రాల కట్టలు, మూత పడని భోషాణం, చిల్లులు పడిన గంగాళాలు, మూడు కాళ్ళ పీటలు, చిమ్నీలు లేని దీపాలు, తెగిన నవారు, తుప్పు పట్టిన కిరసనాయిలు డబ్బాలు.

నంద్యాలలో దొరికిన ఇల్లు రెండు గదులు, ఒక వంటపంచ.

బాలస్వామి బండి తెచ్చి గుమ్మం ముందు నిలిపేసరికే లోపల యుద్ధం జరుగుతున్నది.

"ఏమండీ, ఈ గొడుగుకు గుడ్డ లేదు, పిడి లేదు. ఇదెందుకు?" అన్నది ఆయన భార్య వకుళమాల.

"మా తాతగారు ఎగువ అహోబిలం కొండెక్కిన గొడుగది."

"ఆయన కొండెక్కినారు. గొడుగు నా నెత్తికెక్కింది. ఈ చేట? అటు చూస్తే ఇటు కనపడుతాంది."

"మెంతిపిండీ కాగితాల గుజ్జూ కలిపి అలికితే కొత్తదవుతుంది."

"పోయినేడూ ఇదే మాట అన్నారు. అలికింది నేను. చిల్లు తిరిగొచ్చింది."

"పుట్టింటినుంచి నువ్వు తెచ్చిన ఆ ఒక్క పెట్టె దించు, ఈ చేటకు చోటు దొరుకుతుంది."

ఆ మాటకు ఆమె ముఖం మారిపోయింది. పెట్టెమీద చెయ్యి వేసి, ఒక్కొక్క మాటా విడదీసి పలికింది.

"వినండి. పదకొండేండ్లుగా మీ సామాను సందులో ఒదిగి పడుకుంటున్నాను. ఆ నంద్యాల ఇంట్లో కూడా నాకు చోటు లేదంటే ఇప్పుడే చెప్పండి. మా అన్న చక్రపాణి అహోబిలంలోనే ఉన్నాడు. పోతాను. మళ్ళీ రాను."

రంగనాథం చేటను తీసుకొని బండిమీద పెట్టాడు.

సామాను ఎక్కించేసరికి పొద్దు వాలింది. బాలస్వామి మోకు బిగించి, చుట్టూ తిరిగి చూసి తల గోక్కున్నాడు.

"అయ్యవారూ, ఇది బండా, తేరా? అమ్మ యాడ కూసుంటాది?"

వెనక, బండి తోక దగ్గర, భోషాణానికీ పరుపుచుట్టకూ నడుమ ఒక సందు మిగిలింది. మనిషి మోకాళ్ళు ముడుచుకుంటే పడుతుంది. వకుళమాల అందులో కూర్చుంది. సామాను కొండలా లేచి ఉండటంవల్ల ముందు కూర్చున్నవాళ్ళకు వెనకనున్నవాళ్ళు కనిపించరు. రంగనాథం బండి ముందు తొట్టిమీద బాలస్వామి పక్కన కూర్చున్నాడు. తెల్లవారక ముందే నంద్యాల చేరాలి. పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. ఆ ఎండలకు పగలు ఎద్దులు నడవవు కూడా.

బండి కింద లాంతరు ఊగుతున్నది. కుడిచేతి వైపు నల్లమల చీకట్లో మరింత నల్లగా సాగింది.

శిరివెళ్ళ దాటేదాకా వెనకనుంచి అప్పుడప్పుడు వకుళమాల గొంతు వినపడుతూనే ఉంది. గంగాళం మోకాలికి తగులుతున్నదని ఒకసారి. ఇంత సామాను మోస్తున్న ఎద్దులకు ఏ పాపం చుట్టుకున్నదో అని మరొకసారి.

వాగు దగ్గరకు రాగానే బాలస్వామి పగ్గాలు బిగబట్టాడు.

"అయ్యవారూ… మూటలదిన్నె. ఏదో ఒకటి ఈయండి. ఆ చిల్లుల చేట సాలు."

"నీకు బుద్ధి లేదా? గుడికి పోయేవాడివి, నువ్వూ నమ్ముతావా?"

"నమ్మను. అయినా ఈయండి."

"ప్రహ్లాదవరదుని సన్నిధిలో పుట్టినవాణ్ణి. దిన్నెకు దడిసి ఇంటి సామాను పారేసుకుంటానా? తోలు."

"సామాను పోదు సామీ, చేట పోతాది…"

"తోలు!"

బాలస్వామి ఎద్దులను వాగులోకి దింపాడు. ఇసుక మెత్తగా ఉంది. చక్రాలు మెల్లగా, నిట్టూరుస్తున్నట్టుగా దొర్లినాయి. బండి మనిషి నడకకంటె నిదానమైంది.

వాగు నడుమకు వచ్చేసరికి బండి ఒక్కసారి తేలికగా ముందుకు ఒరిగింది. మరుక్షణమే వెనక్కి వాలింది. చక్రం గుంటలో పడి లేచిందనుకున్నారు ఇద్దరూ.

అవతలి ఒడ్డెక్కారు.

అప్పుడు వెనకనుంచి పిలుపు వినపడింది.

"ఆపండీ…"

ఆడగొంతు. దూరంనుంచి… దిన్నె వైపునుంచి. గాలికి సన్నగా, తునిగి తునిగి వచ్చింది.

"ఆపండీ… నన్నూ ఎక్కించుకోండీ…"

"యేసయ్యా" అన్నాడు బాలస్వామి పెదవుల్లోనే. "అయ్యవారూ, తిరిగి చూడాకండి. పలకాకండి."

రంగనాథం చూడలేదు. నమ్మనన్నవాడికి కూడా మెడ తిరగలేదు. కాని పలకకుండా ఉండలేకపోయాడు. ముందు భార్య సంగతి తెలుసుకోవాలనుకున్నాడు. సామాను కొండకు ఇవతలనుంచే మెల్లగా అడిగాడు.

"వకుళా… ఉన్నావా?"

వెనక, పరుపుచుట్ట పక్కనుంచి, దగ్గరగా…

"ఊఁ" అని వినపడింది.

ఆయనకు ప్రాణం కుదుటపడింది. భార్య బండిలోనే ఉంది. కనుక ఆ పిలిచేది మనిషి కాదు. ఆ ధైర్యంతో గొంతెత్తి, ముందుకే చూస్తూ, చీకటిని గద్దించాడు.

"చోటు లేదు! పో! నా బండిలో నీకు చోటు లేదు!"

పిలుపు ఆగిపోయింది. అంత తటాలున ఆగుతుందని ఆయనే అనుకోలేదు.

"చూశావా?" అన్నాడు బాలస్వామితో. "గద్దిస్తే పోయింది."

బాలస్వామి కళ్ళు ఎద్దులమీద ఉన్నాయి. రెండూ మెడలు సాచి గుటకలు మింగుతున్నాయి.

"కాడి పైకి లేస్తాంది సామీ" అన్నాడు. "తోక బరువైంది. మెడపట్టీలు గొంతుకు పట్టేస్తాండాయి. మీరు ఇంకా ముందుకు జరగండి, నొగమీదికి."

"బయలుదేరినప్పుడు సరిగానే ఉంది కదా?"

"ఉండె. ఇప్పుడు లేదు."

రంగనాథం ముందుకు జరిగాడు. కాడి కొద్దిగా దిగింది. మరికొంత దూరం పోగానే మళ్ళీ లేచింది. బాలస్వామి తానూ నొగమీదికి దిగి, ఎద్దుల తోకల నడుమ కూర్చొని తోలాడు. వెనకనున్న సామాను పెరుగుతున్నట్టుగా ఉన్నదని నాతో అన్నాడు. ఆ మాట అనేటప్పుడు కూడా తన గొంతు తడుముకున్నాడు.

వకుళమాల మాత్రం నోరు మెదపడం లేదు. గంగాళం మాట లేదు, ఎద్దుల మాట లేదు. ఆమె అలిగినదనుకున్నాడు రంగనాథం. గద్దించిన వేడి చల్లారినాక ఆయనకు మెల్లగా భయం పట్టుకుంది. దిన్నె భయం కాదు; ఆమె అన్నంతా చేస్తుందేమోనన్న భయం. రేపే అహోబిలం బస్సెక్కితే? ఆయనకు ఆ ఇంట్లో అన్నం వండే మనిషే కాదు, మాట్లాడే మనిషి కూడా ఆమె ఒక్కతే.

నంద్యాల దగ్గరి కాలువ గట్టు కనపడే వేళకు ఆయన వెనక్కి వినపడేటట్టుగా అన్నాడు.

"వకుళా, నీ పెట్టెకు గూట్లో చోటు చేస్తాలే."

"ఊఁ."

"ఆ గొడుగు… నీకంత కష్టమైతే అటకమీదికి ఎక్కించేద్దాం."

"ఊఁ."

పెండ్లయిన తరువాత ఇంత మెత్తగా ఆయన ఎన్నడూ మాట్లాడి ఉండడు. బాలస్వామి తల తిప్పుకొని నవ్వు ఆపుకున్నాడట. ఆ రాత్రికి అదే కడపటి నవ్వు.

"అసలు ఆ సామానంతా నీదనుకో" అన్నాడు రంగనాథం. "ఇల్లు నీది. నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో. నేను అడ్డం చెప్పను. సరేనా?"

వెనక కొంతసేపు చక్రాల కిర్రు మాత్రమే.

తరువాత…

"సరే" అన్నది.

వకుళమాల గొంతే. కాని ఆ మాట పలికిన తీరు వేరు. ఎన్నో ఏండ్లుగా అడిగి అడిగి విసిగిన మనిషి, అడిగినది తుదకు చేతికందినప్పుడు పలికినట్టు ఉన్నది.

నంద్యాల ఇంటి ముందు బండి ఆగేసరికి ఇంకా వెలుగు రాలేదు. సందులో ఎవరూ లేరు. రంగనాథం మొలనుంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. తిరిగి చూచేసరికి ఆమె బండి దిగి వస్తున్నది. తల మీదుగా కొంగు కప్పుకున్నది. తెల్లవారుజాము గాలికి కప్పుకున్నదనుకున్నాడు. ముందే చెప్పించి అరుగుమీద పెట్టించిన పాలచెంబు ఆమె చేతికిచ్చాడు. చెయ్యి తగిలింది. వాగులోని ఇసుకలా పొడిగా, చల్లగా ఉంది.

"కుడికాలు…" అన్నాడు అలవాటుగా.

ఆమె ఎడమకాలు పెట్టి లోపలికి పోయింది.

ఇంకా కోపం తీరలేదు కాబోలుననుకున్నాడు.

తరువాత ఇద్దరు మగవాళ్ళూ సామాను దించారు. భోషాణం, గంగాళాలు, పీటలు, డబ్బాలు… గడప లోపల పెట్టడమే తరవాయి. తిరిగి వచ్చేసరికి అక్కడ ఉండటం లేదు. లోపలినుంచి ఎవరో అందుకొని చీకట్లోకి తీసుకుపోతున్నారు. భోషాణాన్ని ఇద్దరూ రొప్పుతూ మోసి గడప దాటించారు. మళ్ళీ వచ్చేసరికి అదీ లేదు.

"అమ్మకు బలముందే!" అన్నాడు బాలస్వామి.

"కోపం" అన్నాడు రంగనాథం.

పొయ్యి పొగ బయటికి వచ్చింది. పాలు పొంగి నిప్పులమీద పడిన వాసన. ముహూర్తం తప్పలేదని రంగనాథం తృప్తిగా అరుగుమీద కూర్చున్నాడు. బాలస్వామి ఎద్దుల మెడలు తడుముతున్నాడు. పట్టీల కింద చర్మం కమిలింది. లోపల గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్న చప్పుడు, పీట ఈడ్చిన చప్పుడు, గూట్లో ఏదో పెట్టి మళ్ళీ తీసి మరోచోట పెట్టిన చప్పుడు. ఇల్లాలు ఇల్లు సర్దుకొనే చప్పుడు.

తూర్పు తెల్లబడింది.

సందు చివరనుంచి ఒక ఆడమనిషి నడిచి వస్తున్నది. చీర కుచ్చెళ్ళు మోకాలిదాకా దుమ్ము. జుట్టు రేగి ఉంది. ఒక కాలు కుంటుతున్నది. నేరుగా వచ్చి అరుగు ముందు నిలబడింది.

వకుళమాల.

"నా పెట్టె నాకిచ్చేయండి" అన్నది. "పోతాను."

రంగనాథం ఆమెను తలనుంచి కాలిదాకా చూశాడు.

"ఏందట్ల చూస్తారు? చచ్చిందనుకున్నారా? శిరివెళ్ళకు వెనక్కి నడిచి, అక్కడ తొలి బస్సెక్కి వచ్చినాను. ఆ మాత్రం దుడ్లు కొంగులో ఉన్నాయి."

"నువ్వు… బండిలో…"

"బండి ఇసుకలో దేకుతాంటే దిగినాను. మీరు ఇవ్వరు కదా! నేనే ఆ చేట తీసుకుపోయి దిన్నెమీద పెట్టినాను, మీ మంచికే. తిరిగి వచ్చేలోపల బండి ఒడ్డెక్కింది. పరుగెత్తినాను, కాలు మడతపడింది. ఆపండీ ఆపండీ అని గొంతు చించుకున్నాను." ఆమె అరుగుకు ఇంకా దగ్గరగా జరిగింది. "చోటు లేదు పొమ్మన్నారు. బాలస్వామి ముందు, నడిచీకట్లో… కట్టుకున్నదాన్ని! దెయ్యమైనా అట్లా అనదు."

బాలస్వామి చేతిలోని పగ్గం జారింది.

"అమ్మా…" అన్నాడు గుసగుసగా. "మరి అయ్యవారు పిలిస్తే ఊఁ కొట్టిందెవరు?"

వకుళమాల భర్త వైపు తిరిగింది.

అప్పుడు లోపలి చప్పుడు స్పష్టంగా వినపడింది. ఇత్తడి గంగాళం నేలమీద పెట్టినారు. తిప్పి, మూలకు జరిపినారు. గాజులు గలగలమన్నాయి.

వకుళమాల చూపు భర్త ముఖంనుంచి తలుపుకు పోయింది. తలుపునుంచి పొయ్యి పొగకు పోయింది. ఆమె ముఖంలోని కోపం ఉన్నచోటనే గడ్డకట్టింది.

"లోపల ఎవరు?"

రంగనాథం తల అడ్డంగా ఊపాడు.

"ఎవరికి చెప్పినారు సర్దుకొమ్మని?"

ఆయన తల దించుకున్నాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తరువాత ఆయన మోచెయ్యి పట్టుకుంది. అన్నేండ్ల కాపురంలో పరాయి మనిషి ఎదుట ఆయనను ముట్టినది అదే మొదటిసారి.

"నా పెట్టె వద్దు" అన్నది మెల్లగా. "మీ సామానూ వద్దు. అదంతా దానికి వదిలేయండి. మీరు రండి. ఒట్టిచేతులతో రండి. వస్తే… నేనూ వస్తాను మీతో."

బాలస్వామి, "పోండి అయ్యవారూ! పోండి సామీ!" అన్నాడు.

రంగనాథం లేచాడు. భార్యవైపు ఒక అడుగు వేశాడు. వేసిన మాట నిజం. బాలస్వామి తన కళ్ళతో చూశాడు. అంతలో లోపల భోషాణం మూత కిర్రుమని తెరుచుకుంది. తాళపత్రాల కట్టలు ఒకటొకటే తీసి నేలమీద వేస్తున్న చప్పుడు.

ఆయన ఆగిపోయాడు.

"మా తాతగారి కట్టలు" అన్నాడు. "అవి ఒక్కటి… వకుళా, అవి ఒక్కటి తెచ్చుకుంటాను…"

మోచేతిమీది పట్టు సడలింది.

ఆయన తలుపుమీద చెయ్యి వేసేలోపల లోపలినుంచి గడియ పడింది.

వకుళమాల దుమ్ముపట్టిన కొంగు భుజం చుట్టూ బిగించుకొని, కుంటుతూ, వచ్చిన దారినే నడిచింది. బస్టాండు దిక్కుకు. వెనక్కి చూడలేదు. సందు మలుపులో ఆమె చీర అంచు ఒక్కసారి కనపడి మాయమైంది.

రంగనాథం తలుపు తట్టాడు. మొదట మెల్లగా. తరువాత రెండు చేతులతో.

"తలుపు తియ్… నేను… తలుపు తియ్!"

లోపల గాజుల చప్పుడు గడపదాకా వచ్చి ఆగింది. తలుపు అవతల, చెక్కకు ఆనుకొని, ఎవరో నిలబడ్డారు. అప్పుడు వకుళమాల గొంతు, సందు మలుపు తిరిగిపోయిన ఆ వకుళమాల గొంతే, నిదానంగా, పరాయి మగవాడితో ఇల్లాలు మాట్లాడే మర్యాదతో పలికింది.

"వారు ఇంట్లో లేరండీ. మళ్ళీ ఎప్పుడైనా రండి."